లచ్చవ్వ కాల్లో కంపెనీ ఆస్తి

“సార్, లచ్చవ్వ కాలు పాయె సార్!” అని యూనివర్సిటీ క్యాంపస్ గేటు దగ్గర్నుంచి మెస్ సూపర్‌వైజర్ కుమార్ ఫోన్లో అరిచాడు.

“పోతే పోనీవయ్యా, మళ్లీ చేయమను. నేను పనిలో ఉన్నా” అని ఇటునుంచి ఏసురత్నం పెట్టేశాడు.

తప్పు ఏసురత్నానిది కాదు. ఆ క్యాంపస్ మెస్సులు నడిపే ఆత్మబంధు ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ ప్రైవేట్ లిమిటెడ్ వారి ఆఫీసు తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్ నెత్తిమీద ఉంటుంది. కింద పోటీ పరీక్షల పిల్లలకు మైకులో మౌర్యుల పాలన చెబుతుంటే, పైన ఫోన్లో వచ్చే మాటల్లో సగం అశోకుడి ఖాతాలోకి పోతాయి. అందుకే కాలు పోయిందన్నది కాల్ పోయిందన్నట్టు వినబడింది. పోయిన కాలు మళ్లీ ఎలా చేస్తారో కుమార్‌కు అంతుపట్టలేదు. అయినా చెప్పింది కంపెనీ గనుక కాసేపు భక్తితో ఆలోచించాడు. నాలుగు వందల మందికి పన్నెండు కిలోల పప్పు సరిపెట్టమన్న కంపెనీ అది. సరిపెట్టారు కూడా. అట్లాంటి కంపెనీకి కాలొక లెక్కా? అతను రెండోసారి ఫోన్ చేసి “ఫోన్ గాదు సార్, కాలు! నడిచే కాలు!” అని విడమరిచి చెప్పేలోపు, వ్యాను గుద్దిన షేర్ ఆటో కిందనుంచి లచ్చవ్వను దారిన పోయే జనమే తీసి దగ్గర్లోని ఆస్పత్రిలో చేర్చారు.

లచ్చవ్వ అంటే లేడీస్ హాస్టల్ మెస్సులో పందొమ్మిదేళ్లుగా రొట్టెలు కాలుస్తున్న మనిషి. జనగామ పక్క పల్లె నుంచి వచ్చి మౌలాలిలో ఒంటిగది కిరాయికి తీసుకుంది. భర్త లేడు, పిల్లల్లేరు. పొద్దస్తమానం నిలబడి చేసే పని గనుక ఆమెకున్న మొత్తం ఆస్తి రెండు కాళ్లు. అందులో ఎడమది ఆ జూన్ నెల నుంచి కంపెనీ ఆస్తి అయింది.

నిజానికి ఇలాంటి అవసరానికి ఈఎస్ఐ అనే కార్మికుల బీమా ఒకటుంది. లచ్చవ్వ జీతంలోంచి అందుకోసం ప్రతినెలా కోత కూడా ఉంది. కార్డు మాత్రం ఏడేళ్లుగా ప్రాసెస్‌లో ఉంది. కోత కోతే, కార్డు కోతలే. ఆస్పత్రివాళ్లు కార్డు అడిగితే కథ ఎటు నడుస్తుందో మేనేజింగ్ డైరెక్టర్ నరహరి గారికి బాగా తెలుసు. అందుకే ఆ మధ్యాహ్నమే వారి హృదయంలో కరుణ పొంగింది. కరుణ పొంగాలంటే కింద భయం మంట గట్టిగా ఉండాలని వంట కాంట్రాక్టరు కాబట్టి ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు.

“ఎంతైనా సరే, బిల్లు మనదే!” అని ఆయన ప్రకటించారు. ఎంతైనా అనేది మూడు లక్షల పన్నెండు వేలయింది. మోకాలి కింద నుంచి చీలమండ దాకా ఒక స్టీలు రాడ్డు వేశారు. మూడో రోజున నరహరి గారు ఫోటోగ్రాఫర్‌తో, వీడియోగ్రాఫర్‌తో, పళ్లబుట్టతో వెళ్లి మంచం పక్కన నిలబడి ప్రసంగించారు.

“లచ్చవ్వ మా వర్కర్ కాదు. మా మదర్! ఆత్మబంధు ఒక కంపెనీ కాదు, ఒక ఫ్యామిలీ! ఫ్యామిలీలో బిల్లు ఎవరు కట్టారు అనే క్వశ్చన్ ఎప్పటికీ రాదు, రానివ్వను!”

మత్తు ఇంకా దిగని లచ్చవ్వ “గీ పెద్దమనిషి ఎవలు బిడ్డా?” అని నర్సును అడిగింది. వీడియోలో ఆ ముక్క కత్తిరించారు.

మర్నాడు తార్నాక చౌరస్తాలో పన్నెండు అడుగుల ఫ్లెక్సీ లేచింది. ఫ్లెక్సీ షాపులో మూడే నమూనాలు ఉంటాయి: పుట్టినరోజు, పదవి, పోవడం. మంచంలో పడుకున్న మనిషి ఫోటో చూసి షాపువాడు మూడోది ఎత్తుకున్నాడు. లచ్చవ్వ ఫోటోకు అటూ ఇటూ రెండు దీపాలు, పైన తెల్ల చామంతుల దండ, కింద “మా మాతృమూర్తికి అశ్రునివాళి, ఆత్మబంధు కుటుంబం”. మల్కాజ్‌గిరి నుంచి ఆమె చిన్నమ్మ కూతురు ఏడ్చుకుంటూ ఆస్పత్రికొచ్చి, బత్తాయి తొన ఒలుచుకుంటున్న లచ్చవ్వను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. కంపెనీ వెంటనే స్పందించి “అశ్రునివాళి” మీద “త్వరగా కోలుకోవాలి” అని తెల్ల కాగితం అతికించింది. దండ, దీపాలు అట్లాగే ఉన్నాయి. ఆ వారమంతా చౌరస్తాలో ఎర్రలైటు పడినప్పుడల్లా, చనిపోయిన మనిషి త్వరగా కోలుకోవాలని ఇంత గట్టిగా కోరుకునే కంపెనీ వేరే ఉండదని జనం మెచ్చుకున్నారు.

ఇక ఏసురత్నం సంగతి. తెనాలి పక్క నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా తార్నాకలో ఉంటున్న మనిషి. ముత్యాల్లాంటి చేతిరాత, ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఆత్మబంధు. అతని ఉద్యోగం పేరు అసిస్టెంట్ మేనేజర్, సంక్షేమం మరియు వసూళ్లు. రెండు శాఖలకు ఇద్దర్ని పెట్టుకోవడం దండగని నరహరి గారు ఒక మనిషిని, ఒక కుర్చీని, రెండు వైపులా రాసిన ఒక చెక్కబోర్డును ఇచ్చారు. ఒకవైపు ‘సంక్షేమం’, రెండోవైపు ‘వసూళ్లు’. వచ్చినవాళ్లను బట్టి ఏసురత్నం బోర్డు తిప్పుతాడు. బోర్డును బట్టి మొహం తిప్పుతాడు. సంక్షేమం వైపున అతను ఎంత మెత్తగా మాట్లాడతాడంటే, బోర్డు తిరిగాక అదే మనిషని పోల్చుకోవడానికి చొక్కా రంగు గుర్తుపెట్టుకోవాలి.

సంవత్సరాంతపు లెక్కల్లో మూడు లక్షల పన్నెండు వేలు ఎక్కడ రాయాలన్న ప్రశ్న వచ్చింది. వైద్య ఖర్చు అని రాస్తే ఈఎస్ఐ ఉండగా ఇదెందుకని ఎవరైనా అడుగుతారు. దానం అని రాస్తే, దానాలు చేసేంత లాభముంటే రేటు తగ్గించమని యూనివర్సిటీ అడుగుతుంది. ఆడిటరు చాలాసేపు పెన్ను నమిలి, కొన్నది స్టీలు వస్తువు గదా, ఆస్తుల్లో వేయమన్నాడు. ఏసురత్నం ఆస్తుల రిజిస్టరు తెరిచి, రెండొందల పదమూడు: గ్యాసు పొయ్యి, పెద్దది, రెండొందల పదిహేను: దోసెల పెనం అని ఉన్న రెండు వరసల నడుమ ఖాళీలో ఇలా రాశాడు: రెండొందల పద్నాలుగు: స్టీలు రాడ్డు, ఒకటి, ఉన్న చోటు: లచ్చవ్వ ఎడమ కాలు.

అది స్థిరాస్తా, చరాస్తా అని ఒక పూట చర్చ జరిగింది. లచ్చవ్వ ఇంకా నడవడం లేదు గనుక ప్రస్తుతానికి స్థిరాస్తి, నడక మొదలుపెట్టిన తేదీ నుంచి చరాస్తి అని తీర్మానించారు.

మార్చి ముప్పై ఒకటిన ఆస్తులన్నీ కళ్లారా చూసి స్టిక్కరు వేయడం కంపెనీ ఆనవాయితీ. ఏసురత్నం క్యాంపస్ మెస్సులో పొయ్యికి ఒకటి, పెనానికి ఒకటి అంటించి, మిగిలిన స్టిక్కరుతో మౌలాలి వెళ్లాడు. లచ్చవ్వ గడపలో కాలు చాపుకుని హాస్టళ్లకు వెల్లుల్లి పొట్టు తీస్తోంది. ప్రమాదం నాటి నుంచి కంపెనీ ఆమెకు గౌరవప్రదమైన విశ్రాంతి ఇచ్చింది. గౌరవం నెలనెలా అందుతోంది, జీతమే అందడం లేదు.

“ఏంది సారూ, కాలు పట్టుకుంటున్నవ్? లే, లే. పెద్దోనివి” అని ఆమె కంగారుపడింది.

“కాళ్లు పట్టుకోవడం కాదమ్మా, స్టిక్కరు. కదలకు.”

స్టిక్కరు చెమటకు ఊడిపోయింది. లామినేషన్ చేయించి దారంతో చీలమండకు కట్టాడు. ఇరుగుపొరుగువాళ్లు దాన్ని గుట్ట మీది దర్గా నుంచి తెచ్చిన తాయత్తనుకున్నారు. “మంచిగ పనిచేస్తదా అవ్వా?” అని ఒకామె అడిగితే, “పనిచేసేటిది నా కాలు. పేరు కంపెనీది” అని లచ్చవ్వ జవాబు చెప్పింది. మరుసటి మార్చిలోనూ ఏసురత్నం వచ్చాడు, చూశాడు, పదిహేను శాతం తరుగు రాసుకున్నాడు. రాడ్డు విలువ తగ్గింది. కాలి నొప్పి తగ్గలేదు. నొప్పికి తరుగు లేదని రూల్సులో ఉంది.

ఇరవై రెండో నెలలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి, గుద్దిన వ్యాను తాలూకు బీమావాళ్లు లచ్చవ్వకు నాలుగు లక్షల అరవై వేలు ఇచ్చారు. ఇక జన్మలో పెనం ముందు నిలబడలేనని తెలిసిపోయిన లచ్చవ్వకు ఆ డబ్బు మీద ఒకే ఆలోచన ఉంది. తార్నాక సందులో ఒక చిన్న షట్టర్ కిరాయికి తీసుకుని, కుర్చీలో కూర్చుని వండి అమ్మే కర్రీ పాయింట్. ఓనరుతో మాట్లాడింది. ఇరవయ్యో తారీఖులోపు అడ్వాన్స్ కట్టాలన్నాడు.

పన్నెండో తారీఖున ఆత్మబంధు నుంచి ఉత్తరం వచ్చింది. కంపెనీ ఉత్తరాలన్నిటికీ మొదటి పేరా ఒకటే ఉంటుంది, కరుణ పేరా. “మీరు, మీ కుటుంబ సభ్యులు ఆయురారోగ్యాలతో ఉన్నారని తలుస్తూ, మీ ప్రతి అడుగులో మేమున్నామని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.” రెండో పేరా నుంచి కంపెనీ నిజంగానే ప్రతి అడుగులో ఉంది. నియామక పత్రంలోని పదిహేడో షరతు ప్రకారం, ఉద్యోగికి బయటినుంచి పరిహారం వస్తే, ఆ ఉద్యోగి మీద పెట్టిన ఖర్చు తిరిగి రాబట్టుకునే సంపూర్ణ హక్కు కంపెనీకి ఉంది. ఆ పత్రం ఇంగ్లీషులో ఉంది. లచ్చవ్వ వేలిముద్ర మాత్రం ఏ భాషలోనూ లేదు గనుక చెల్లుబాటయింది.

ఖర్చుల జాబితాలో ఆస్పత్రి బిల్లు మొదటి వరసే. ఆపైన పళ్లబుట్ట. పూలగుత్తి. ఫోటోలు, వీడియో, వీడియోలో అనవసర భాగాలు కత్తిరించిన కూలి. ఎండీ గారి కారు మూడు ట్రిప్పులు. ఫ్లెక్సీ ఒకటి, దాని మీద అతికించిన తెల్ల కాగితం ఒకటి. ఎండీ గారి పరామర్శ సమయం, నలభై నిమిషాలు, కన్సల్టెన్సీ రేటు ప్రకారం అరవై వేలు. మొత్తం మీద జీఎస్టీ. తెలుగులో దీన్ని ఓదార్పు అంటారు. హైదరాబాదులో ఉధార్ అంటే అప్పు గనుక, తార్నాక చేరేసరికి అది ఉధార్పు అయింది. మొత్తం నాలుగు లక్షల యాభై మూడు వేల ఏడు వందలు. మిగిలే ఆరు వేల మూడు వందలతో లచ్చవ్వ తన కాళ్ల మీద తాను నిలబడాలని కంపెనీ మనసారా ఆకాంక్షించింది.

ఆ ఉత్తరం రాసింది ఏసురత్నమే. ఇంట్లో నకలు చదివిన భార్య గ్రేస్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆమె స్కూల్లో లెక్కల టీచరు.

“ఏవండీ, మన చర్చిలో కానుక వేసినవాళ్లు రసీదు అడగడం చూశాను. కానుక వెనక్కిమ్మని అడగడం మీ కంపెనీలోనే చూస్తున్నా.”

“ఇది కానుక కాదు గ్రేస్. హక్కు. ఎండీ గారు చెప్పారు, దయ మనసులో ఉంటుంది, హక్కు ఫైల్లో ఉంటుందని.”

“మరి మీరు ఎందులో ఉంటారు?”

ఏసురత్నం చెయ్యి అలవాటుగా బల్లమీద తడిమింది. ఇంట్లో అతనికి బోర్డు లేదు.

లచ్చవ్వ పదమూడో తారీఖున చేతికర్ర పట్టుకుని ఆత్మబంధు మెట్లు ఇరవై రెండూ ఎక్కింది. కర్ర చప్పుడు విని ఏసురత్నం బోర్డు ‘సంక్షేమం’ వైపు తిప్పాడు.

“రా లచ్చవ్వా, కూర్చో. ఆరోగ్యం ఎలా ఉంది?”

“ఆరోగ్యం ముచ్చట తర్వాత సారూ. గీ కాయితమేంది?”

కాగితం చూశాక బోర్డు తిప్పక తప్పలేదు. “అదా. పదిహేడో షరతు ప్రకారం నువ్వు కట్టాలమ్మా. కట్టకపోతే వడ్డీ కూడా పడుతుంది.”

“గిప్పుడే గద ఆరోగ్యం అడిగితివి?”

“అది అటువైపు.”

“రెండు దిక్కులు మాట్లాడుతున్నవ్. మనిషివి ఒక్కనివే గద సారూ?”

“జీతం కూడా ఒక్కటేనమ్మా” అన్నాడు ఏసురత్నం. ఆ ఒక్క మాటా ఏ వైపుదో అతనికే తెలియలేదు.

లచ్చవ్వ కర్ర గోడకానించి కూర్చుంది. “నా పైసలన్ని మీకే ఇస్తే నాకేం మిగుల్తది? నిలవడి చేసే పని నాతోని కాదు. కూసోని బతుకుడు ఒక్కటే ఉన్నది. ఇరవై తారీఖుకు అడ్వాన్స్ ఇయ్యకపోతే ఆ షట్టర్ జిరాక్స్ షాపాయనకు ఇస్తడట ఓనరు. వెల్లుల్లి పొట్టు తీసుకుంట బతుకుమంటవా?”

ఏసురత్నం చెయ్యి బోర్డు మీదికి పోయింది. సగం తిప్పి, ఏ వైపూ కనబడకుండా నిలబెట్టి, మళ్లీ వసూళ్ల వైపే పెట్టాడు.

“ఒక్కటి చెప్పు సారూ. గిన్ని పైసలు దేనికి?”

“నీ కాల్లో రాడ్డుకమ్మా.”

“అయితే ఇవి కడితె రాడు నాదైతదా?”

ఇక్కడ ఏసురత్నం ఒక పొరపాటు చేశాడు. వసూళ్ల మనిషయితే అవునని చెప్పి పంపించేవాడు. సంక్షేమం మనిషయితే తల నిమిరి పంపించేవాడు. అతను లోపల్లోపల రిజిస్టరు మనిషి. రిజిస్టరులో లేని మాట నోట్లోంచి రాదు.

“అలా ఎలా అవుతుంది? నువ్వు కట్టేది ఖర్చు. రాడ్డు కంపెనీ ఆస్తి. ఇదిగో చూడు, రెండొందల పద్నాలుగు. తరుగు కూడా తీశాను.”

“పక్కాగ మీదేనా?”

“పక్కా.”

“సంతకం ఉన్నదా?”

“నాదే.”

“అయితే గా పేజీ ఒక జిరాక్స్ ఇయ్యి సారూ.”

ఇరవై ఏళ్లలో ఏసురత్నం రిజిస్టరును చూపించమన్నవాళ్లు లేరు, చేతిరాతను చూసి నకలడిగినవాళ్లు అసలే లేరు. పొంగిపోయి ఇచ్చాడు. సీలు కూడా వేసి ఇచ్చాడు. లచ్చవ్వ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని అడిగింది.

“మరి కిరాయి ఎప్పుడిస్తరు?”

“ఏం కిరాయి?”

“మీ రాడు ఇరవై రెండు నెల్ల సంది నా కాల్ల ఉంటున్నది. అడ్వాన్స్ లేదు, అగ్రిమెంటు లేదు. గీ తార్నాకల పోరగాండ్లకు ఒక్క మంచం కిరాయికిస్తేనే నెలకు ఏడు వేలు గుంజుతున్నరు. బాత్రూంకు లైన్ల నిలవడాలె గాడ. నాది లోపటి రూము. వాన తగలదు, ఎండ తగలదు. ఒక్కడే ఉంటడు. ఇరవై నాలుగు గంటలు వాచ్‌మన్ లెక్క నేను కాపల ఉంటున్న. ఎవడన్న ఊకెనే ఇస్తడా?”

తార్నాకలో ఈ మాటకు ఎదురు చెప్పగలిగిన మనిషి పుట్టలేదు. అక్కడ ఇళ్లు ఉండటానికి కట్టరు, కిరాయికివ్వడానికి కట్టి మిగిలిన చోట ఉంటారు. పిట్టగోడ మీద ఆరేసిన తువ్వాలు పక్కింటి గాలి వాడుకుంటోందని అడిగే ఓనర్లున్నారు. ఇన్నేళ్లుగా, చుట్టం మూడు రోజులుంటే నీళ్ల పైసలు అదనంగా కడుతూ వచ్చిన లచ్చవ్వకు కిరాయి శాస్త్రం నోటికొచ్చు. ఏసురత్నం కూడా కిరాయింట్లోనే ఉంటాడు. అందుకే అతనికి మొదట వచ్చిన ఆలోచన, ఏడు వేలు తక్కువే అడిగింది కదా అని.

క్యాంపస్‌లో లా చదువుతున్న స్నేహలత ఆ హాస్టల్లో నాలుగేళ్లుగా ఉంటూ, ప్రమాదం దాకా లచ్చవ్వ రొట్టెలే తిన్న పిల్ల. ఆ అమ్మాయి ఇదంతా నోటీసుగా రాసింది. ఇరవై రెండు నెలల కిరాయి లక్షా యాభై నాలుగు వేలు. కాపలాకు మాత్రం ఆత్మబంధు వారు యూనివర్సిటీకి ఇచ్చిన సొంత రేటు పట్టికే తీసుకుంది: ఒక గార్డుకు షిఫ్టుకు నెలకు పద్దెనిమిది వేలు. మూడు షిఫ్టులు, ఇరవై రెండు నెలలు, పదకొండు లక్షల ఎనభై ఎనిమిది వేలు. కంపెనీ అడిగింది పోగా, కంపెనీయే లచ్చవ్వకు ఎనిమిది లక్షల ఎనభై ఎనిమిది వేల మూడు వందలు బాకీ తేలింది. అడుగున ఆ అమ్మాయి ఒక ప్రత్యామ్నాయం కూడా సూచించింది. కిరాయి ఇవ్వడం ఇష్టం లేకపోతే యజమాని తన సామాను తీసుకుని గది ఖాళీ చేయవచ్చు. గదికి ఏ నష్టం జరగకూడదు.

రిజిస్టరు పేజీ, చీలమండకు కట్టిన బిళ్ల, రెండూ ఫోన్లలోకెక్కాయి. సాయంత్రానికి క్యాంపస్ పిల్లలంతా ‘లచ్చవ్వకు న్యాయం’ అని స్టేటస్ పెట్టారు. ఎర్ర గుండెలు, ఏడుపు మొహాలు వేలల్లో కురిశాయి. జూన్‌లో మెస్ కాంట్రాక్టు మళ్లీ రాసుకోవాలి. నరహరి గారు ఏసురత్నాన్ని పిలిచారు.

“ఆ రాడ్డును రిజిస్టర్‌లోంచి కొట్టెయ్!”

“కొట్టేస్తే మళ్లీ వైద్య ఖర్చులో రాయాలండీ. అప్పుడు ఈఎస్ఐ కార్డు ఏదంటారు.”

“ఉంచితే?”

“కిరాయి అంటారండీ.”

నరహరి గారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వారి కళ్లలో మళ్లీ కరుణ ఉంది. మంట గట్టిగానే ఉంది మరి.

పద్దెనిమిదో తారీఖున లేడీస్ హాస్టల్ మెస్ హాల్లో కరుణోత్సవం జరిగింది. కొత్త ఫ్లెక్సీ పెట్టారు. షాపువాడు ఈసారి పుట్టినరోజు నమూనా వాడటంతో లచ్చవ్వ తల మీద బెలూన్లున్నాయి. నరహరి గారు మైకు అందుకున్నారు.

“హక్కు లేనివాడు వదులుకుంటే అది బలహీనత. హక్కు ఉండి వదులుకుంటే అది కరుణ! లీగల్‌గా మాకు నాలుగు లక్షల యాభై మూడు వేల ఏడు వందలు రావాలి. ఐ రిపీట్, ఏడు వందలు! అది మేం రైటాఫ్ చేస్తున్నాం. రాడ్డును మా మదర్‌కు గిఫ్ట్‌గా ఇస్తున్నాం. ఆమె ఏవో కిరాయిలు అడిగారు, అవి కూడా పెద్ద మనసుతో మేమే ఆమె చేత రైటాఫ్ చేయిస్తున్నాం! ఆ రోజు కాల్ వచ్చిన మరుక్షణం మా ఆఫీసు ఎంత ఫాస్ట్‌గా రియాక్ట్ అయిందో…”

“మరుక్షణం గాదు సారూ” అని లచ్చవ్వ కుర్చీలోంచి అందుకుంది. “నా కాలు పోయిందని కుమార్ చెప్తే, కాల్ పోయిందనుకొని మళ్ల చెయ్యిమన్నరట. గీ ఏసురత్నం సారే. నేనింక గదే చూస్తున్న, మళ్ల ఎప్పుడు చేస్తరా అని.”

హాలంతా నవ్వింది. కుమార్ లేచి జరిగింది జరిగినట్టు అందరికీ వివరించాడు. అశోకుడి పాత్ర కూడా చెప్పాడు. అందరికంటే ఎక్కువగా నరహరి గారు నవ్వారు. నవ్వుతూనే వెండి కత్తెరతో చీలమండ దారం కత్తిరించారు. చప్పట్లు మోగాయి. హాల్లో ఉన్న ఆత్మబంధు కార్మికులు మూడు వందల నలభై మంది, విద్యార్థినులు, వార్డెన్లు, అందరూ కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు ఆ మూడు వందల నలభై మందికీ ఒక్కో ఫారం అందింది. మొదటి పేరా కరుణ పేరా. రెండో పేరాలో, ఇకపై ప్రమాదం జరిగినచో కంపెనీ కరుణ కావలెనా, వద్దా. కావలెనన్నచో పూర్తి వసూలుకు ఇప్పుడే సమ్మతించవలెను. శరీరంలో కంపెనీ వస్తువు నివసించినచో కిరాయి అడగరాదు. అందరూ సంతకాలు చేశారు. ముందురోజు చప్పట్లు కొట్టి కొట్టి ఎర్రబడ్డ చేతులు అవి.

మొదటి సంతకం ఏసురత్నానిదే. అతనికి వేరే ఉత్తరం కూడా ఒకటి ఉంది. సంస్థ పత్రాలు బయటపెట్టి నష్టం కలిగించినందుకు నెలకు నాలుగు వేలు జీతంలో కోత. అలాంటి ఉత్తరాలు రాసే ఉద్యోగం అతనిదే గనుక తన ఉత్తరం తనే రాసుకున్నాడు. మొదటి పేరాలో తన ఆరోగ్యం తనే అడిగాడు. తన ప్రతి అడుగులో తానున్నానని తెలియజేసుకున్నాడు. తర్వాత బోర్డు తిప్పాడు.

మే నెలలో కర్రీ పాయింట్ తెరుచుకుంది. ఆరడుగుల షట్టర్, ఎత్తు కుర్చీ, కుర్చీలో లచ్చవ్వ. చికెన్ కూర కట్ట ఎనభై, పప్పు ముప్పై, రొట్టె పన్నెండు. ఏడు గంటలకల్లా సందు చివరిదాకా వరస.

నెలాఖరు రోజున ఆ వరసలో ఏసురత్నం కూడా నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి గొంతు తగ్గించాడు.

“లచ్చవ్వా, రెండు పప్పు, ఆరు రొట్టెలు. ఈ నెల కోత పడింది. ఒకటో తారీఖున…”

లచ్చవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. నాలుగు రొట్టెలు అదనంగా చుట్టి చేతిలో పెట్టింది.

“పట్టుకపో సారూ. టీచరమ్మకు చెప్పు.”

ఏసురత్నం కదల్లేదు. “ఇది… తర్వాత అడగవు కదా? రాసిస్తావా?”

“నీకు రాసుడు రోగం పట్టింది సారూ. నడువు, ఎనుక జనం ఉన్నరు.”

వెనక జనం నిజంగానే ఉన్నారు. ఎవరో కాదు, క్యాంపస్ పిల్లలు, కోచింగ్ పిల్లలు, కరుణోత్సవంలో కళ్లు తుడుచుకున్నవాళ్లు. ఫోన్లో ఇప్పటికీ ‘లచ్చవ్వకు న్యాయం’ అని ఉన్న ఒక పిల్లవాడు ముందుకొచ్చాడు.

“గదేంది అవ్వా, ఆయనకు ఊకెనే ఇచ్చి మాకు ఎనభయ్యా? పక్క సందుల డెబ్బై ఐదుకే ఇస్తున్నరు. నీ కోసం ఎంత చేసినం, జర తగ్గియ్యి.”

“అవును, మేం షేర్ కూడా చేశాం” అన్నారు వెనకనుంచి ఇంకెవరో.

లచ్చవ్వ గరిటె పక్కన పెట్టి, గల్లా మీదున్న చిన్న అట్టముక్కను తన వైపు నుంచి వాళ్ల వైపు తిప్పింది. ఇరవై రెండు మెట్లెక్కి ఊరికే దిగి రాలేదు ఆమె. ఒకవైపు ‘మీరు మా కుటుంబం’ అని, రెండోవైపు ‘ఒకటే రేటు’ అని స్నేహలత రాసిచ్చింది. ఇప్పుడు వాళ్లకు కనబడేది రెండోది.

వరసలో అందరూ గబగబా ఫోన్లు తీశారు. అట్టను వెనక్కి తిప్పి మొదటి వైపును ఫోటో తీసుకుని, ఎంత మంచి మనసో అని ఎర్ర గుండెలు పెట్టి పంపారు. ఆ ఫోటో మీదాకా వచ్చే ఉంటుంది. మీరూ ఒక గుండె పెట్టే ఉంటారు. మంచిదే. తార్నాక వైపు వచ్చినప్పుడు లచ్చవ్వ దగ్గర ఒక కూర కట్ట తీసుకోండి. పెట్టిన గుండెకు బదులుగా ఐదు రూపాయలు తగ్గించమని అడగాలనిపిస్తే మాత్రం ముందు మీ నియామక పత్రంలో పదిహేడో షరతు ఏముందో చూసుకోండి.